కట్టనన్న మనిషి

మతిమరుపు ముదిరిపోయిన వృద్ధులను ఉంచే ఆసుపత్రి అది. అందులో రెండో అంతస్తు వార్డులో పనిచేసే అటెండర్‌ని అందరూ కండక్టర్ అనే పిలిచేవారు. వయసులో ఉండగా సిటీ బస్సులో టికెట్లు కొట్టిన మనిషి. రోజంతా నిలబడే పనికి మోకాళ్ళు మొరాయించాయి. ఆ ఉద్యోగం వదిలి ఇక్కడ చేరాడు. ఇక్కడా రోజంతా నిలబడే పనేనని చేరాక గాని తెలియలేదు.

ఉద్యోగం మారినా నోరు మారలేదు. పొద్దున్నే ముసలివాళ్ళను స్నానాలకు తీసుకెళ్ళేటప్పుడు వరండాలో నిలబడి, "ముందుకు జరగండి, ముందుకు జరగండి, లోపల బోలెడు ఖాళీ ఉంది" అని కేకేసేవాడు. సాయంత్రం అయ్యేసరికి ఎవరో ఒకరు మెట్ల వైపు తలుపు దగ్గరికి వచ్చి, ఇంటికి పోవాలని గొడవ మొదలుపెట్టేవారు. మిగతా అటెండర్లయితే రెక్క పట్టుకుని వెనక్కి లాక్కొచ్చేవారు. కండక్టర్ మాత్రం పక్కన నిలబడి తనూ తలుపు వైపు చూస్తూ, "ఈ బండి డిపోకి పోతోందండీ. మీది వెనకే వస్తోంది. రండి, అందాకా కూర్చుందాం" అనేవాడు. బెంచీ మీద కూర్చున్న కాసేపటికి వాళ్ళు ఎక్కడికి పోదామనుకున్నారో మరిచిపోయేవారు. అతను మాత్రం పక్కనే కూర్చుని ఉండేవాడు.

ఆ వార్డులో మంచాలకూ చక్రాల కుర్చీలకూ వెడల్పాటి నూలు పట్టీలు వేలాడుతుండేవి. మధ్యాహ్నం పూట మనుషులు తక్కువ, పని ఎక్కువ. అప్పుడు నడవగలిగిన వాళ్ళనందరినీ కూర్చోబెట్టి నడుముకొక పట్టీ, మణికట్టుకొక పట్టీ వేసి కట్టేవారు. చేరిన కొత్తలో ఒక పెద్దాయనను కట్టమని కండక్టర్‌కి చెప్పారు. ముడి వేస్తుంటే ఆయన చాలా మర్యాదగా అడిగాడు: "నేనేం తప్పు చేశాను బాబూ?"

"తప్పేం లేదండీ. పడిపోతారని."

"పడితే లేస్తాను కదా."

 కండక్టర్ వేసిన ముడి విప్పేశాడు. తిన్నగా హెడ్ నర్సు దగ్గరికి వెళ్ళి, ఈ పని తన వల్ల కాదని చెప్పాడు. ఆవిడ చెడ్డమనిషి కాదు. పాతికేళ్ళుగా అదే వార్డులో పనిచేసి, కళ్ళ కింద నల్లటి సంచులు మోస్తున్న మనిషి.

"పడితే ఎవరిది పూచీ?"

"పడరండీ. నేను చూసుకుంటాను."

"నీ డ్యూటీలో నీ ఇష్టం. ఏదైనా అయితే మాత్రం నేను అడ్డం రాను."

అలా మొదలైంది. అతని డ్యూటీలో ఎవరినీ కట్టేవాళ్ళు కాదు. దానికి తగ్గట్టే అతనికి కూర్చునే తీరికుండేది కాదు, తెచ్చుకున్న టీ చల్లారి మీగడ కట్టేది. తోటి ఆయమ్మ, "నీ పుణ్యమా అని నా కాళ్ళు కూడా అరిగిపోతున్నాయన్నా" అని సణుగుతూనే అతనితో పాటు తిరిగేది. ఏళ్ళు గడిచాయి. ఒకరిద్దరు తూలి పడ్డా, చర్మం దోక్కుపోవడం తప్ప పెద్దగా ఎవరికీ ఏమీ కాలేదు. కండక్టర్‌కి లోలోపల గర్వం కూడా పెరిగింది. ఇంటికెళ్ళి భార్యకు రోజూ అదే కథ. నలుగురి బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ చేతిలో పెట్టె ఆపకుండానే వినేది. "వాళ్ళను అలా వదిలేస్తున్నావు బాగానే ఉంది గాని, నన్ను మాత్రం ఈ బల్లకు కట్టేశావు" అని నవ్వేది.

టైలర్ వచ్చింది ఆ రోజుల్లోనే. బక్కపల్చటి మనిషి, జీవితమంతా మిషను తొక్కిన కాళ్ళు. ఒక్క క్షణం కుదురుగా ఉండేవాడు కాదు. కనబడ్డ ప్రతివాళ్ళ దగ్గరికీ వెళ్ళి చొక్కా అంచు పట్టుకుని, వేళ్ళతో తడిమి, "ఈ కుట్టు నిలవదు. విప్పి మళ్ళీ వెయ్యాలి" అనేవాడు. హెడ్ నర్సు కోటు అంచు కూడా వదల్లేదు. ఆవిడ కసురుకోబోయి, చూసుకుంటే నిజంగానే కుట్టు ఊడి ఉంది. ఆ రోజు వార్డంతా నవ్వుకున్నారు.

ఆయనను చేర్చింది కూతురు. మందుల షాపులో పనిచేస్తుంది. ఒక్కతే. పనికి వెళ్ళిన వేళ తండ్రి వీధిలోకి వెళ్ళి తప్పిపోతుంటే తట్టుకోలేక తెచ్చి చేర్చింది. మొదటి రోజే కండక్టర్‌ని పక్కకు పిలిచింది.

"అన్నా, మా నాన్న ఆగడు. ఇంట్లో రెండుసార్లు పడ్డాడు. ఇక్కడ కడతారని విన్నాను. చూడ్డానికి బాధే గాని, కట్టండి. నాకు భయం."

"వద్దమ్మా. తిరిగే మనిషిని కడితే లోపలే చచ్చిపోతాడు. నా మాట విను. నా మీద వదిలెయ్. ఆయన నీడలా ఉంటాను."

 "మీరంతగా చెబుతున్నారు కాబట్టి" అని, సగం మనసుతోనే తలూపింది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఆయమ్మ సెలవులో ఉంది. డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడు. భారీ మనిషి ఒకాయన బట్టలు పాడుచేసుకుంటే కండక్టర్ ఆయనను స్నానాల గదికి తీసుకెళ్ళాడు. ఒళ్ళంతా సబ్బుతో ఉన్న మనిషిని పట్టుకుని ఉండగా బయట ఏదో దభేలుమంది. బకెట్ పడిందేమో అనుకున్నాడు. మరుక్షణం టైలర్ గుర్తొచ్చాడు. ఆ పెద్దాయనను స్టూలు మీద కూర్చోబెట్టి పరుగెత్తాడు.

మెట్ల వైపు తలుపు బార్లా తెరిచి ఉంది. మెట్ల మలుపు దగ్గర టైలర్ పడి ఉన్నాడు. ఒక కాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది. ముఖం పాలిపోయింది. కండక్టర్‌ని చూసి, ఏదో తప్పు చేసినవాడిలా, "లేస్తానయ్యా, ఒక్క నిమిషం, లేస్తాను" అన్నాడు. లేవబోయాడు కూడా. నొప్పికి అరిచిన అరుపు కింది అంతస్తు దాకా వినబడింది.

తుంటి ఎముక విరిగింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఆపరేషన్ చేశారు.

తలుపు గడియ సంగతి అతన్ని ఆ రోజు నుంచే పట్టుకుంది. డాక్టరు వెళ్ళాక తను గడియ వేశాడా, లేదా? వేసినట్టే గుర్తు. చేతికి చల్లటి ఇనుము తగిలినట్టు కూడా గుర్తు. కాని అది ఆ రోజుదా, అంతకు ముందు రోజుదా? రోజూ చేసే పనికి ఏ రోజు గుర్తు ఏ రోజుదో ఎలా తెలుస్తుంది? ఎన్నిసార్లు తవ్వుకున్నా ఆ మధ్యాహ్నం మాత్రం దొరకలేదు. పొద్దున ఏం తిన్నారో గుర్తులేని వాళ్ళ మధ్య తిరిగి తిరిగి తనకూ అదే అంటుకుందేమోనని భయం వేసింది.

పెద్దాసుపత్రి వరండాలో టైలర్ కూతురు కనబడింది. షాపులో వేసుకునే కోటుతోనే ఉంది. కండక్టర్ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. 

"మీరు మంచివాళ్ళే అన్నా" అంది ఆమె. గొంతు పెంచలేదు. "మీ మంచితనానికి మా నాన్న కాలు పోయింది."

తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికి ఎలా వచ్చాడో అతనికే తెలియదు.

హెడ్ నర్సు కూడా కేకలేయలేదు. తన గదిలోకి పిలిచి కూర్చోమంది. అతను కూర్చోలేదు.

"నిన్ను పంపించెయ్యమన్నారు పైవాళ్ళు. నేనే ఆపాను. ఇంత ఒళ్ళు వంచి చేసే మనిషి మళ్ళీ దొరకడని చెప్పాను. కాని ఇకనుంచి అందరినీ కట్టాలి. నీ డ్యూటీలో కూడా."

"సరేనండి" అన్నాడు. అంత తేలిగ్గా ఆ మాట తన నోటి నుంచి వస్తుందని అతను కల్లో కూడా అనుకోలేదు.

ఆ సాయంత్రం ముద్ద దిగలేదు. కంచం ముందు అలాగే కూర్చున్నాడు. భార్య చూసి చూసి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చి కూర్చుంది.

"ఒకటి అడుగుతాను, కోప్పడకు. ఇన్నాళ్ళూ నువ్వు వాళ్ళను కట్టకపోయింది వాళ్ళ కోసమా, నువ్వు మంచోడివని నీకు అనిపించడం కోసమా?"

అతను కోపంగా తలెత్తాడు.   రోజూ ఇంటికొచ్చి చెప్పుకున్న కథలు గుర్తొచ్చాయి. వాటన్నిటిలోనూ పెద్ద పాత్ర తనదే. ముసలివాళ్ళు పక్కన ఎక్కడో ఉండేవారు.

"తెలియడం లేదే" అన్నాడు చివరికి.

"నాకూ తెలియకే అడిగాను. కంచంలో చెయ్యి కడిగెయ్యకు. కొంచెమైనా తిను" అంది.

మర్నాటి నుంచి కట్టడం మొదలుపెట్టాడు. మొదట ముడులు వదులుగా వేసేవాడు. అవి ఊడిపోతుంటే ఆయమ్మ వచ్చి బిగించేది. తర్వాత తనే బిగించడం నేర్చుకున్నాడు. కట్టేటప్పుడు వాళ్ళ ముఖం చూడకుండా ముడి మీదే కళ్ళు పెట్టడం కూడా నేర్చుకున్నాడు. మొదట్లో వాళ్ళు పెనుగులాడేవారు, బతిమాలేవారు, బూతులు తిట్టేవారు. రానురాను తగ్గింది. మధ్యాహ్నం వార్డులో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. అతనికి టీ వేడిగా తాగడం కుదిరింది. మోకాళ్ళ నొప్పి తగ్గింది. ఆ తగ్గడమే అతనికి ఎక్కువ బాధనిపించింది.

"చూశావా అన్నా, ఎంత ప్రశాంతంగా ఉందో" అంది ఆయమ్మ. "నీ మొండితనంతో ఇన్నాళ్ళూ మా ప్రాణాలు తోడేశావు."

నిజమేనేమో. ఎవరూ పడటం లేదు. బంధువులు వచ్చి చూసి కుదుటపడి వెళుతున్నారు. ముందే ఈ పని చేసి ఉంటే టైలర్ ఈపాటికి ఎవరి చొక్కా అంచో పట్టుకుని వంకలు పెడుతుండేవాడు. లోకమంతా ఒక దారిన పోతుంటే తనొక్కడే గొప్పగా ఎదురు నడిచి, దారిన పోయే ముసలాయన కాలు విరగ్గొట్టాడు. ఇలా అనుకుంటూ కొన్నాళ్ళు నడిచింది.

వార్డులో టీచరమ్మ అని ఒకావిడ ఉండేది. ఒకప్పుడు చిన్న పిల్లలకు పాఠాలు చెప్పింది. కట్టని రోజుల్లో వరండా అంతా తిరుగుతూ, కనబడ్డవాళ్ళనల్లా వరసలో నిలబెట్టేది. "గోలేమిటి? నోటి మీద వేలు!" అని గద్దిస్తే డాక్టరు కూడా వేలు పెట్టుకోవలసిందే. కట్లు మొదలయ్యాక ఆవిడ వారం పది రోజులు కుర్చీలోంచే గద్దించింది. తర్వాత మాట తగ్గింది. ఒక రోజు స్నానానికని పట్టీలు విప్పి లేవదీస్తే కాళ్ళు నిలవలేదు. తడిసిన బట్టలా కండక్టర్ చేతుల్లోకి జారిపోయింది. మళ్ళీ నిలబెట్టాడు. మళ్ళీ జారింది.

డాక్టరును అడిగాడు. "కట్టడం వల్లేనాండీ?"

డాక్టరు అనుభవమున్న మనిషి, నిజాయితీగానే చెప్పాడు. "కావచ్చు. వయసు కూడా కావచ్చు. ఈ జబ్బులో కాళ్ళు పోవడం మామూలే. కట్టకపోయినా ఈ పాటికి పోయేవేమో. చెప్పలేను."

కండక్టర్ అక్కడే నిలబడిపోయాడు. కట్టబట్టే ఇలా అయిందని డాక్టరు అని ఉంటే పాత నమ్మకాన్ని మళ్ళీ పట్టుకునేవాడు. కాదని ఉంటే దాన్ని శుభ్రంగా వదిలేసేవాడు. ఆ మాటతో రెండు దారులూ మూసుకుపోయాయి.

టైలర్ తిరిగొచ్చాడు. నడవడానికి కాదు, పడుకోవడానికి. ఆపరేషన్ అయితే బాగానే అయిందట, ఆయన మాత్రం లేవలేదు. కిటికీ పక్క మంచం ఇచ్చారు. మాట లేదు. దుప్పటి అంచు మాత్రం వేళ్ళ మధ్య పెట్టి ఒకవైపు నుంచి ఇంకోవైపుకు జరుపుతూ ఉండేవాడు. కండక్టర్ ఆయన పనులు ఎవరికీ ఇవ్వకుండా తనే చేసేవాడు. ఒత్తిడికి పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం, గంజి తాగించడం, మూతి తుడవడం. ఎంత చేసినా అప్పు తీరుస్తున్నట్టు అనిపించేదే గాని ప్రేమతో చేస్తున్నట్టు అనిపించేది కాదు.

ఆదివారాలు కూతురు వచ్చేది. ఒక ఆదివారం ఆమె తండ్రి గోళ్ళు కత్తిరిస్తుంటే కండక్టర్ పాల గ్లాసుతో వచ్చాడు. మంచానికి వేలాడుతున్న పట్టీని ఆమె చూసింది.

"ఇప్పుడిక కట్టక్కర్లేదు కదా" అంది.

అతనికి తల కొట్టేసినట్టయింది. గ్లాసు బల్ల మీద పెట్టి, "నన్ను క్షమించమ్మా" అన్నాడు. ఇన్నాళ్ళకు వచ్చింది ఆ మాట.

ఆమె గోళ్ళ ముక్కలు కాగితంలో పోగుచేసింది.

"క్షమాపణ నాకెందుకన్నా. ఒక్కటి చెప్పండి. రేపు మా నాన్నలాంటి వాళ్ళు ఇంకొకరొస్తారు. వాళ్ళమ్మాయి వచ్చి కట్టమంటుంది. ఏం చెబుతారు?"

"తెలియదమ్మా."

"అప్పుడు బాగా తెలుసే మీకు." ఆమె తలెత్తి అతని వైపు చూసింది. "నేను కట్టమన్నా వినలేదు మీరు. అంత గట్టిగా చెప్పారు."

 టైలర్ దుప్పటి అంచు జరుపుతూనే ఉన్నాడు. ఆమె వెళ్ళేముందు తండ్రి నుదురు ముట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఇంకోటి జరిగింది. చెప్పుకోవడానికి పెద్ద విషయమేమీ కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఎప్పటిలాగే కండక్టర్ కుర్చీల వరస వెంట కట్టుకుంటూ వస్తున్నాడు. టీచరమ్మ వంతు వచ్చింది. అతను పట్టీ అందుకోకముందే ఆవిడ తనంతట తాను రెండు చేతులూ ముందుకు చాచింది, మణికట్లు పైకి పెట్టి. ముఖంలో కోపం లేదు, భయం లేదు. అడగకముందే పలక చూపించే బుద్ధిమంతురాలైన పిల్లలా ఉంది.

అతను పట్టీ అందుకోలేదు. ఆవిడ అలాగే చాచి ఉంచింది. ఆలస్యమవుతోందేమిటన్నట్టు అతని ముఖంలోకి చూసింది.

అతను ఆ చేతులు రెండూ పట్టుకుని ఆవిడ ఒళ్ళో పెట్టాడు. వరసలో మిగిలిన వాళ్ళను అలాగే వదిలి హెడ్ నర్సు గదికి వెళ్ళాడు.

"నేను కట్టలేనండి."

ఆవిడ కళ్ళజోడు తీసింది. "మళ్ళీ మొదలుపెట్టావా? ఈసారి ఎవరూ పడరని నమ్మకంగా చెప్పగలవా?"

"లేదండి. పడతారేమో. పోతారేమో కూడా."

"మరి?"

"నాది తప్పేనేమో. చాలా రోజులనుంచి అదే అనిపిస్తోంది. అయినా నా చేతుల్తో కట్టలేనండి. ఎందుకో అడిగితే ఇదివరకటిలా గట్టిగా చెప్పలేను."

 "ఇదివరకు నువ్వు 'పడరు' అంటే నాకు ఒళ్ళు మండేది" అంది. "ఇప్పుడు పడతారేమో అంటుంటే ఇంకా భయంగా ఉంది. తెలిసి తెలిసి నిన్ను ఆ వార్డులో ఎలా ఉంచను, చెప్పు?"

"ఉంచలేరండి."

ఆవిడ తనకు చేతనైంది చేసింది. ఉద్యోగం తీసేయకుండా, కింది అంతస్తులో దుప్పట్లూ తలగడలూ భద్రపరిచే గదికి మార్చింది. కిటికీ లేని గది. నాఫ్తలీన్ ఉండల వాసన. అతను ఇంకొక్కటి అడిగాడు. డ్యూటీ దిగాక రోజూ కాసేపు పైకొచ్చి టీచరమ్మను నడిపిస్తానన్నాడు. చెయ్యి వదలనన్నాడు. హెడ్ నర్సు విసుక్కుంది, వద్దంది, చివరికి, "ఆవిడొక్కరినే. ఇంకెవరినీ ముట్టుకోకు" అంది.

వార్డులో అతని స్థానంలో వచ్చిన మనిషి పనిమంతుడు. ముడులు గట్టిగా వేసేవాడు. అతని వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. కండక్టర్ కింద కూర్చుని దుప్పట్లు మడతపెడుతూ తను సాధించిందేమిటని లెక్క చూసుకునేవాడు. కట్టే చేతులు మారాయి. అంతే. తన చేతులు మాత్రం శుభ్రంగా ఉంచుకున్నాడు. భార్య అడిగిన ప్రశ్న మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చునేది. పైనే ఉండి, కట్టినా మెల్లగా కట్టి, పక్కన కూర్చుని ఉంటే వాళ్ళకు ఎక్కువ మేలు జరిగేదా? కొత్తగా వచ్చిన మనిషి వాళ్ళ పక్కన కూర్చోడు. ఆ సంగతి కండక్టర్‌కి తెలుసు.

చలికాలం ముగిసేలోపే టైలర్ పోయాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. కూతురు వచ్చి తీసుకెళ్ళిపోయాక గాని కింద గదిలో ఉన్న కండక్టర్‌కి తెలియలేదు. చాలా రోజుల తర్వాత ఒకసారి మోకాళ్ళ నొప్పికి మాత్రల కోసం వెళ్ళి, ఆమె పనిచేసే షాపు అదేనని లోపలికెళ్ళాక గుర్తుపట్టాడు. ఆమె కూడా అతన్ని గుర్తుపట్టింది. మాత్రలు తీసిచ్చి, ఎప్పుడు వేసుకోవాలో అందరికీ చెప్పినట్టే చెప్పి, అతని వెనకాల నిలబడ్డ మనిషిని ఏం కావాలని అడిగింది.

"ఇవాళ నిలబడిందా మీ టీచరమ్మ?" అని భార్య ఒక్కోరోజు అడుగుతుంది.

"కాసేపు."

"మరి ఆ ముఖం ఏమిటి?"

"మిగతావాళ్ళ ముందు నుంచి తీసుకెళ్ళాలి కదా" అంటాడు.

అదే అతనికి అన్నిటికన్నా కష్టం. మసక వెలుతురులో కుర్చీల వరస. కట్టి ఉన్న చేతులు. అటువైపు గోడవారన తిప్పుకుని తీసుకెళదామంటే దారి లేదు. అతను ఒక చేత్తో టీచరమ్మ నడుము పట్టుకుని, ఇంకో చేత్తో ఆవిడ అరచెయ్యి పట్టుకుని, మెల్లగా వాళ్ళ మధ్య నుంచి నడిపిస్తాడు. కొందరు నిద్రలో ఉంటారు. కొందరు తలెత్తి చూస్తారు. ఒకరిద్దరు లేవబోయి, పట్టీ లాగేసరికి మళ్ళీ కూలబడతారు. ఈవిడనొక్కరినే ఎందుకు, మమ్మల్నెందుకు కాదు అని ఎవరైనా అడిగితే చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. ఎవరూ అడగరు. టీచరమ్మ మధ్యలో ఆగిపోతుంది, ఎక్కడికి పోతున్నామో మరిచిపోతుంది, ఒక్కోసారి అతని భుజం మీద పూర్తిగా వాలిపోతుంది. అతను తల వంచుకుని, ఆవిడ మళ్ళీ కాలు కదిపేదాకా ఆ కుర్చీల మధ్యే నిలబడి ఉంటాడు.